గోడకు ఆవల పడిన బాతు

పోయిన నెల విజయనగరంలో గంటస్తంభం దగ్గర ముక్కూమొహం తెలియని ఒకాయనతో తగువు పెట్టుకున్నాను. నేనూ మా మనవరాలూ ఆటో కోసం నిలబడ్డాం. పక్కనే ఒక మనిషి వెదురుగంపలో బాతుల్ని పెట్టి, పైన వల కట్టి అమ్ముతున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన తన కూతురికి ఆ గంప చూపించి, "ఇవి బాతులమ్మా. రెక్కలుంటాయి గానీ ఎగరలేవు" అని పాఠం చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు చెప్పారండీ మీకు? ఎగరలేకపోతే ఆ వల దేనికి కట్టాడనుకున్నారు?" అన్నాను. ఆయన నవ్వి, "ఎగిరేవి అడవి బాతులండీ. ఇవి ఇళ్ళల్లో పెంచుకునేవి" అన్నాడు. ఆ నవ్వుకి ఇంకా మండింది. ఇళ్ళల్లో పెంచుకునేవే ఎగురుతాయనీ, గోడలు దాటతాయనీ, కొంపల మీదికి తగువులు తెస్తాయనీ, తెలియనిది పిల్లలకు నూరిపోయవద్దనీ గట్టిగానే చెప్పాను. చుట్టూ నలుగురు చేరారు. మనవరాలు నా చెయ్యి పట్టి లాక్కెళ్ళి ఆటోలో కూర్చోబెట్టి, "బాతు ఎగురుతుందా లేదా అన్నదానికి అంత కోపమేమిటి మామ్మా?" అంది. కోపం ఆయన మీద కాదు. కొంత మా అత్తగారి మీద, చాలా మటుకు మా పెద్దత్త మీద, మిగిలినది ఆ బాతు మీద. ఇంతమంది మీద కోపం గురించి చెప్పడానికి ఆటో ప్రయాణం చాలదు.

మా కన్నవారి ఊరు భావనపాడుకు దగ్గర, సముద్రపు పోటునీళ్ళు పొలంగట్ల దాకా వచ్చే చోటు. మాది వ్యవసాయపు కుటుంబమే అయినా ఆ వైపు ఇంటింటా బాతులుండేవి. వాటికి పుస్తకాల్లో ఏదో పెద్ద పేరుందట. మాకు వట్టి బాతులే. ఒంటినిండా నలుపూ తెలుపూ మచ్చలు, కళ్ళ చుట్టూ ముక్కు మొదట్లో ఎర్రగా గరుకుగా ఉండే కండ. చూడగానే ముద్దొచ్చే మొహం కాదు. తక్కిన బాతుల్లా గోల చెయ్యవు. మగది బుసకొడుతుంది, ఆడది గుసగుసలాడినట్టు చిన్న చప్పుడు చేస్తుంది, అంతే. మగదాన్ని దాని ఒళ్ళే లేవనివ్వదు గానీ ఆడది మాత్రం ఏ పక్షికీ తీసిపోకుండా ఎగురుతుంది. పొద్దున్నే గూడు తలుపు తీస్తే ఆడబాతులు పెరట్లోంచి లేచి, మా అమ్మ తలమీదుగా ఉప్పుటేటి వైపు పోయేవి. పొద్దుగూకే వేళకు వాటంతటవే తిరిగొచ్చేవి. రెక్క కత్తిరించడమన్నది మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేదాని రెక్క ఎందుకు కత్తిరించాలన్నది మా అమ్మ పద్ధతి.

నన్ను గరివిడి దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. అరవైల చివరి మాట. అది మెట్ట ప్రాంతం. చోళ్ళు అనే రాగులు, నార కోసం గోగు, వేరుశనగ, వానలు దయతలిస్తే కాస్త వరి. సముద్రపు గాలికి పెరిగినదాన్ని, ఆ ఎర్రమట్టి చూడగానే నోరెండిపోయింది. కాపురానికి పంపేటప్పుడు సారెతో పాటు మా అమ్మ ఒక మూతగంపలో బాతుల జంటను పెట్టి ఇచ్చింది. "ఊరు కాని ఊర్లో నీకు తోడుంటాయే. నీకు ఏడుపొస్తే ఈటి మొకం సూడు, నవ్వొస్తాది" అంది. నౌపడాలో పాసింజరు ఎక్కింది మొదలు గరివిడిలో దిగేదాకా ఆ గంప నా ఒళ్ళోనే ఉంది. మా ఆయన మాత్రం ఆ గంపతో తనకే సంబంధమూ లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ గంపతోనే కాదు, తరవాత జరిగిన ఏ తగువులోనూ ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదనే చెప్పాలి.

ఇంట్లో దిగి గంప మూత తియ్యగానే మగబాతు మెడ చాచి మా అత్తగారి మీద బుసకొట్టింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, నా వంకా గంప వంకా చూసి, "ఆవుదూడని అంపుతాదనుకుంటే ఈ ఎర్రమూతి పీనుగుల్ని అంపినాదేటే మీయమ్మ?" అంది. అత్తవారింట నేను విన్న మొదటి మాట అదే. మా మావగారు నెమ్మది మనిషి. "ఉండనీవే. పురుగూ పుట్రా తింతాయి" అన్నారు. ఆవిడకు నా మీద కోపం ఆ క్షణాన మొదలై చివరిదాకా ఏ మాత్రమూ తగ్గలేదు. నాది కూడా అంతే.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. మా మావగారూ ఆయన అన్నగారూ నేను రాకముందే వేరుపడ్డారు. ఒక్క ఇంటిని నడిమికి కోసి, పెరట్లో కూడా మట్టిగోడ పెట్టేశారు. గోడ నెత్తిన వానకు నానకుండా తాటాకులు కప్పారు. ఎందుకు వేరుపడ్డారని అడిగితే, మా అత్తగారు నీళ్ళు కాచుకునే ఒక రాగి అండా పేరు చెప్పేది. ఆవలివాళ్ళు మా అత్తగారి నోటి పేరు చెప్పేవారు. రెండిళ్ళ మధ్య మాటల్లేవు. గోడకు మా వైపున ఒక ములగచెట్టు ఉండేది. దాని కొమ్మలు సగం ఆవల పెరట్లోకి వంగి ఉండేవి. కాడల కోసం పంపకాలప్పుడు పెద్ద గొడవ జరిగిందట. ఊరి పెద్దలు విని విని విసుగెత్తి, "గోడకి ఈవల పడింది ఈవలోలది, ఆవల పడింది ఆవలోలది, ఇంక నోర్మూసుకోండి" అని తీర్పు చెప్పి లేచిపోయారట. వాళ్ళు ములగకాడల కోసం చెప్పిన ఆ మాటని ఈ రెండిళ్ళూ సమస్తానికీ వర్తింపజేశాయి. గాలికి మా ఆయన పంచె ఎగిరి ఆవల పడితే అది మరి తిరిగి రాలేదు. వారం తిరక్కుండా దాని మీద ఆవల పెరట్లో చోళ్ళు ఆరబోసి ఉన్నాయి. వాళ్ళ చేట ఒకటి మా వైపు పడితే, ఇంట్లో మూడు చేటలుండగా మా అత్తగారు కావాలని ఆ చేటతోనే, గోడ దగ్గరే నిలబడి, చప్పుడయ్యేట్టు చెరిగేది. దొంగతనమని ఎవరూ అనేవారు కాదు. తీర్పు ప్రకారమే అంతా.

ఆవల ఇంటి యజమానురాలు మా పెద్దత్త, అంటే మా మావగారి అన్నగారి భార్య. ఎముకల గూడులా ఉండేది. పొద్దస్తమానం నోట్లో అడ్డపొగ చుట్ట, నిప్పు లోపలికి పెట్టుకుని. ఆ చుట్ట తియ్యకుండానే తిట్టగలదు. మా అత్తగారితో మాటల్లేవు కనుక ఆవిడ ఏం చెప్పాలన్నా తన గేదెతో చెప్పేది. మా అత్తగారు జవాబు మా గేదెతో చెప్పేది. "ఒసే గేదా, ఒల్లు కొవ్వి పక్కోల కల్లాపి మీద పేడేస్తావేటే" అని ఆవల్నించి వస్తే, "నీకేటి సిగ్గునేదే గేదా, ఉమ్మడి కొంపని మింగిన నోటికి పేడ కంపు తెలుస్తాదేటే" అని ఈవల్నించి పోయేది. పాపం ఆ గేదెలు రెండూ ఏ తప్పూ చెయ్యకుండా జీవితాంతం తిట్లు తిన్నాయి. కొత్తకోడల్ని, మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు నాకూ గేదెతో మాట్లాడటం వచ్చేసింది.

బాతులకు కుడితి గోలెం పక్కనే చిన్న గుంట తవ్వి నీళ్ళు పోశాను. నాలుగు రోజులు ఆడబాతు నేల మీదే తిరిగింది. అయిదో రోజు పొద్దున లేచి ఇంటికప్పు మీద కూర్చుంది. వీధంతా వచ్చి చూసింది. ఆ ఊళ్ళో అప్పటిదాకా బాతే లేదు, ఇక ఎగిరే బాతంటే ఎవరికి తెలుసు? "కాలికి తాడు కట్టవే, గోడ దాటి ఆలపక్కకి ఎల్లిపోతాది" అని మా అత్తగారు మొదటి రోజే చెప్పింది. రెక్క ఒక వైపు ఈకలు కోస్తే ఒరిగిపోయి లేవలేదని నాకూ తెలుసు. అయినా నేను తాడూ కట్టలేదు, కత్తీ పెట్టలేదు. అప్పట్లో నేను వీధిలోకి వెళ్ళాలంటే అత్తగారిని అడగాలి, ఆవిడ మావగారిని అడగాలి, ఆయన మా ఆయన్ని అడగాలి. అదేమో ఎవర్నీ అడక్కుండా గుంటలోంచి లేచి, పెంకుల మీద కాసేపు కూర్చుని, చెరువు వైపు ఒక చుట్టు తిరిగి, మళ్ళీ నా కాళ్ళ దగ్గరే దిగేది. దాన్ని చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నదల్లా అదే.

ఆ ఎండాకాలం అది పొద్దునపూట కనిపించడం మానేసింది. గోడ పక్క రాయెక్కి చూస్తే ఆవల పెరట్లో గడ్డికుప్ప నెత్తిన, గడ్డిలో కూరుకుని కూర్చుని ఉంది. పొదుగుతోంది. ఈ జాతి బాతు గుడ్లు పెట్టడానికి ఎత్తయిన చోటు వెతుక్కుంటుంది. మా గడ్డికుప్ప అప్పటికే గేదె తినేసి మోకాలెత్తుకు వచ్చింది, వాళ్ళది ఇంకా నిండుగా ఉంది. దానికి రాగి అండా గొడవ తెలియదు కదా. రోజుకొకసారి గోడ దాటి మా వైపు వచ్చి, గబగబా నాలుగు గింజలు తిని, గుంటలో ఒక మునక వేసి, మళ్ళీ వెళ్ళిపోయేది. కోడి పొదిగినదానికంటే చాలా రోజులు పొదిగి, పిల్లల్ని చేసింది. పచ్చగా, నల్ల మచ్చలతో, కుప్ప మీదినుంచి ఒక్కొక్కటీ దూకి ఆవల పెరట్లో పడ్డాయి. తల్లి ఎగిరి మా వైపు వస్తుంది, పిల్లలు ఎగరలేక ఆవల గోడ వారనే నిలబడి కీచుమంటాయి.

మా అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "ఈపాలి ఒచ్చినప్పుడు పట్టీసి గంపకింద పెట్టు. తల్లి నేకపోతే పిల్లలు సస్తాయి. సస్తే ఆలకే నష్టం" అంది. "ఆ పిల్లలు నా బాతువే గదత్తా" అన్నాను. "గోడకావల ఉన్నాయి. నీవి ఎలగవుతాయి?" అంది. ఆవిడ మనసులో ఆ పిల్లలు అప్పుడే శత్రుపక్షంలో చేరిపోయాయి. నేను పట్టలేదు. పిల్లలు కాస్త పెద్దవై రెక్కలొచ్చాక అన్నీ కలిసి ఎగిరి మా ఇంటికే వస్తాయని నా నమ్మకం. అప్పుడు పెద్దత్త మొహం చూడాలని కూడా ఉండేది.

పెద్దత్తకు ఆ వంటింటి మాటలు గోడలోంచి వినబడ్డాయో, లేక మా అత్తగారి బుద్ధి ఆవిడకు అంత బాగా తెలుసో గాని, ఆ మర్నాడు నా బాతు రాలేదు. రాయెక్కి చూశాను. పెద్దత్త కత్తిపీట ముందు కూర్చుని ఉంది. బాతును మోకాళ్ళ కింద అదిమిపట్టి, ఒక రెక్క చాచి, పెద్ద ఈకల్ని గోంగూర కోసినట్టు వరసగా కోసేసింది. రెండో రెక్క ముట్టుకోలేదు. బాతుల్ని ఎన్నడూ పెంచని మనిషికి ఒక్క రెక్కే కొయ్యాలని ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. అది వదిలించుకుని లేవబోయి, పక్కకి ఒరిగి, నేలకు కొట్టుకుంది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. పెద్దత్త నా వంక చూడకుండానే గేదె వైపు తిరిగి, "తీర్పు తీర్పే గదేటే గేదా? ఆవల పడింది ఆవలోలదే" అంది.

అత్తవారింటికి వచ్చాక మొదటిసారి నోరు విప్పి అరిచాను. గేదెతో కాదు, ఆవిడతోనే. "అది పడనేదు పెద్దత్తా, ఎగిరొచ్చినాది! నా బాతుని నాకిచ్చీ!" అన్నాను. జవాబు వెనకనుంచి వచ్చింది. మా అత్తగారు నా జబ్బ పట్టుకుని రాయి మీదినుంచి కిందికి లాగేసింది. "ఆలతో మాటాడతావేటే? ఆలని అడుక్కుంటావేటే? మా పరువు తీసినావు" అని తిట్టింది. బాతు పోయినందుకు కాదు, నేను నోటితో అడిగినందుకు! నాకు ఆ క్షణాన గోడకు రెండువైపులా ఉన్న ఇద్దరు ముసలమ్మల్లో ఎవరిని ముందు తన్నాలో తెలియలేదు.

పట్టు విడవకుండా ఏడ్చాను కాబట్టి మా మావగారు ఊరి పెద్దాయన ఒకర్ని పిలిపించారు. వెనకటి తీర్పు చెప్పినవాళ్ళలో ఆయన ఒకరు. అరుగు మీద కూర్చుని, తలపాగా సర్దుకుని, అంతా విన్నాడు. "ములక్కాడకి రెక్కల్లేవు బాబూ. అది కొమ్మనుంచి రాలి పడతాది. ఇది దానంతటది ఎల్లినాది. నా సారె బాతు" అని తలుపు చాటునుంచి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఇబ్బంది పడ్డాడు పాపం. ఆఖరికి, "రాలిపడినదానికి దోసం నేదమ్మా. ఎల్లినదానికే దోసం. దాని కాళ్ళతో అదే ఎల్లినప్పుడు నానేటి సెప్తాను" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. కోడళ్ళ విషయంలో కూడా వాళ్ళు చెప్పే తీర్పు అదేనని నాకు తరవాత చాలా సందర్భాల్లో తెలిసింది.

అప్పటినుంచి రోజూ పొద్దుగూకే వేళ గోడ దగ్గర నిలబడి దాన్ని పిలవడం మొదలుపెట్టాను. ఎదురుగా మాట్లాడకూడదని ఆంక్ష గానీ బాతును పిలవకూడదని ఎవరూ అనలేదు. మా అమ్మ పిలిచే పిలుపే. "తొయ్... తొయ్... తొయ్" అని, చివరిది సాగదీసి, కాస్త కిందికి దించి. ఒడియా వాళ్ళ దగ్గర నేర్చుకుందో, తానే కల్పించుకుందో గాని మా ఊళ్ళో కూడా ఇంకెవరూ అలా పిలిచేవారు కాదు. ఆవల్నించి బాతు గోడ దాకా నడిచి వచ్చిన అలికిడి వినబడేది. మగబాతు ఈవల గోడ వారనే అటూ ఇటూ తిరుగుతూ బుసకొట్టేది. ఆ తరవాత ఏమీ ఉండేది కాదు.

వానాకాలానికి పిల్లలకు రెక్కలొచ్చాయి. తల్లి లేవలేకపోయినా ఆ పిల్లల్లో ఆడవి గోడ దాటి మా గుంటలోకి రావడం మొదలుపెట్టాయి. ఇక చూడండి వైభవం. వచ్చినదాన్ని వచ్చినట్టు మా అత్తగారు పట్టి, పెద్దత్తను చూసి నేర్చుకున్న ప్రకారం ఒక రెక్క కోసేసేది. అది చూసి పెద్దత్త తన వైపు మిగిలినవాటి రెక్కలు కోసేసేది. నాలుగు రోజుల్లో ఏ బాతు ఏ వైపు ఉంటే ఆ వైపే ఉండిపోయింది. ఇల్లూ పొలమూ అండాలూ పంచుకున్నట్టే ఆ సంసారాన్నీ పంచేశారు. మా వాటాకి వచ్చినవి ఎంతోకాలం నిలవలేదు. మగబాతు కూడా. మా ఆడపడుచు భర్త వచ్చాడని, నేను గోగు కోతకు పొలం వెళ్ళినప్పుడు మా అత్తగారు దాన్ని కోయించి కూర వండింది. ఇంటికి వచ్చేసరికి వాసన వచ్చింది. "అల్లుడొస్తే పప్పేసి పెట్టమంతావేటి?" అంది. నేను ఆ పూట మజ్జిగన్నం తిన్నాను. ఆవిడ చేతి వంట ఆ తరవాత ఎన్ని వేల పూటలు తిన్నానో, ఒక్క ముద్దలోనూ నాకు మంచి రుచి తగల్లేదు.

ఇక నాకు మిగిలింది ఆవల ఉన్న ఆ తల్లిబాతు ఒక్కటే. దాని విషయంలో మా ఇద్దరు అత్తలకూ తెలియనిదొకటి నాకు తెలుసు. కోసిన ఈక వెంట్రుకలా మెల్లిగా పెరగదు. నెలల తరబడి అలాగే మొండిగా ఉంటుంది. అందుకని అది ఇక ఎప్పటికీ ఎగరదని వాళ్ళు తేల్చేసుకున్నారు. కానీ ఏడాదికొకసారి బాతు ఈక మారుస్తుంది. ఆ మొండిది రాలిపోయి, దాని చోట నిండు ఈక వస్తుంది. దసరా వెళ్ళాక ఒక రోజు గాలికి మా పెరట్లో కోసిన ఈక మొదలొకటి పడింది. ఆ మర్నాడు రెండు. ఈవల పడ్డాయి కనుక అవి తీర్పు ప్రకారం మావే. వాటిని ఏరి చీర కొంగున ముడివేసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పిలవడం మాత్రం ఇంకా గట్టిగా పిలిచాను. అది వస్తే దాన్ని గంపలో పెట్టుకుని మా కన్నవారింటికి పోదామనుకున్నాను. మళ్ళీ వస్తానో రానో కూడా అనుకోలేదు. అంత కసి పట్టి ఉన్నాను.

కార్తీకంలో ఒక సాయంత్రం నేను పిలుస్తుండగా గోడ నెత్తిన తాటాకులు గలగలమన్నాయి. అది వచ్చి కూర్చుంది. రెండు రెక్కలూ నిండుగా ఉన్నాయి. ఒళ్ళు చేసింది. మెడ వంచి నన్ను చూసింది, తోక ఊపింది. నా చేతిలో చోళ్ళున్నాయి. "తొయ్... తొయ్" అన్నాను, మెల్లిగా, అది బెదరకుండా. అప్పుడు గోడ ఆవల్నించి వినబడింది. "తొయ్... తొయ్... తొయ్." చివరిది సాగదీసి, కాస్త కిందికి దించి. మా అమ్మ పిలుపే. చుట్ట పొగకి బొంగురుపోయిన గొంతులో, ఒక్క పిసరు తేడా లేకుండా. అన్ని నెలలు నేను గోడ మీదుగా పిలుస్తూ ఉంటే ఆవిడ అటునుంచి వింటూ నేర్చేసుకుంది. బాతు అటు తిరిగింది, మళ్ళీ నా వైపు తిరిగింది. తరవాత ఆవలికి దిగిపోయింది.

"సూసినావేటే గేదా?" అంటోంది పెద్దత్త. "ఎవలూ కట్టనేదు, ఎవలూ పట్టనేదు. దానంతటదే దిగినాది." ఈ మాటు కొయ్యలేదు ఆవిడ ఆ రెక్కని. కొయ్యనవసరం లేదని ఆవిడకు తెలిసిపోయింది. నా వెనక మా అత్తగారు నిలబడి, "బాతునిచ్చినావు, పిలుపు కూడా ఇచ్చీసినావేటే?" అంది. నేను చోళ్ళు నేల మీద విసిరికొట్టి లోపలికి పోయాను. పంచె పోయినా బాతు పోయినా తీర్పు ప్రకారం పోయాయనుకోవచ్చు. ఆ పిలుపు ఎవరి తీర్పు ప్రకారం ఆవలికి పోయింది? పెద్దత్త నా దగ్గర దొంగిలించింది అదొక్కటే అంటాను నేను. ఆ తరవాత గోడ దగ్గర నిలబడి ఎన్నడూ పిలవలేదు. కన్నవారింటికీ వెళ్ళలేదు. ఆ నెలలోనే నాకు కడుపని తెలిసింది.

మరుసటి ఏడు మా అమ్మ పోయింది. ఒళ్ళో పసిబిడ్డతో పాసింజరు ఎక్కి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పెరట్లో గూడు తలుపు తీసి ఉంది, లోపల ఏమీ లేవు. బాతుల్ని ఎవరు చూస్తారని మా వదిన అందరికీ పంచేసింది. కర్మలయ్యాక తిరిగొచ్చిన రోజు సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతున్నాను. గోడ ఆవల పెద్దత్త "తొయ్... తొయ్... తొయ్" అని బాతుల్ని పిలిచింది. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నాకు ఆవిడంటే అసహ్యం. ఆ గొంతు వింటేనే ఒళ్ళు జలదరించేది. అయినా మర్నాడు సాయంత్రం కూడా ఆ వేళకే గిన్నెలు ముందేసుకుని గోడ దగ్గర కూర్చున్నాను. ఆ మర్నాడూ అంతే. తరవాత అదే అలవాటైపోయింది. తోమిన గిన్నెల్నే మళ్ళీ తోముతున్నానని మా అత్తగారు నన్ను పిచ్చిదాని కింద జమకట్టింది. ఏళ్ళ తరబడి, ఆ బాతు పోయి దాని పిల్లల పిల్లలు వచ్చాక కూడా, ఆవిడతో ఒక్క మంచి మాట ఆడకుండా, ఒక్క తిట్టు కూడా మాఫీ చెయ్యకుండా, ఆవిడ పిలిచే వేళకి ఆ గోడ వారన కూర్చున్నాను.

పెద్దత్త పోయినప్పుడు, చావుకు గోడ లేదు కనుక, రెండిళ్ళ వాళ్ళమూ ఆవల పెరట్లోనే నిలబడ్డాం. నేను ఏడ్చినట్టు ఆవిడ కూతుళ్ళు కూడా ఏడవలేదు. మా అత్తగారు నా చెయ్యి గిల్లి, "నీకేటొచ్చిందే? ఆలకోసమా ఆ ఏడుపు?" అంది. "ఆవిడ కోసం కాదత్తా" అన్నాను. "మరెవలి కోసం?" అంది. పెద్దత్తని నేను అప్పుడూ క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను. కాలం మనవాళ్ళని తీసుకుపోయి ఊరుకోదు, వాళ్ళ గొంతును తీసుకెళ్ళి మనకు గిట్టనివాళ్ళ నోట్లో దాస్తుంది. వినాలంటే వెళ్ళి ఆ నోటి ముందే కూర్చోవాలి. ఆ నోరూ మూతపడ్డాక ఇక ఎక్కడికి వెళ్ళి కూర్చోవాలో కాలం చెప్పదు.